కొమ్మలు పెరిగిన కేసు

చింతలరేవు అటవీ రేంజి ఆఫీసులో వెనక వరండా చివర కిటికీ లేని గది ఒకటుంది. దాన్ని ప్రాపర్టీ గది అంటారు. కేసుల్లో పట్టుకున్న వస్తువులు తీర్పు వచ్చేదాకా అందులోనే పడుంటాయి. టేకు దుంగలు, గొడ్డళ్లు, టైర్లలో గాలి పోయిన రెండు మోపెడ్లు, జింక చర్మమని పట్టుకొచ్చాక మేకదని తేలినా కేసు మాత్రం తేలక ఉండిపోయిన ఒక చర్మం. వీటన్నిటి మంచీచెడ్డా చూసేది సీనియర్ అసిస్టెంటు మజ్జి గౌరీశంకరం.

గౌరీశంకరం భయస్తుడు. భయపడడానికి కారణం కూడా ఉంది. అతనికి ముందు ఆ సీట్లో కూర్చున్నాయన టేకు దుంగకి చెదపట్టినందుకు సస్పెండయ్యాడు. చెదపురుగులు తనకి చెప్పి రాలేదని ఆయన ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. సొత్తు పట్టుకున్ననాడు ఎలా ఉందో తీర్పునాటికీ అలాగే ఉండాలన్నది అక్కడి ధర్మసూత్రం. అందుకని గౌరీశంకరం పొద్దున్న రాగానే దుంగల్ని తట్టి చూసుకునేవాడు. గొడ్డళ్లకి కొబ్బరినూనె రాసేవాడు. మేకచర్మంలో కలరా ఉండలు వేసేవాడు. చెదా తుప్పూ తగలకుండా రిటైరైపోతే అంతే చాలనుకునేవాడు.

అలాంటి గదిలోకి ఒకనాడు ప్రాణమున్న సొత్తు వచ్చి పడింది.

బజారువీధిలో అల్లాడ కామేశు అనే ఆయనకి రంగుచేపల దుకాణం ఉంది. దుకాణంలో ఓ మూల చిన్న గాజుతొట్టెలో సముద్రపు నీళ్లు పోసి పగడాన్ని పెంచుతున్నాడని కబురందింది. పగడం రక్షిత జీవి. అనుమతి లేకుండా ఉంచుకోవడం నేరం. రేంజి ఆఫీసరు త్రిమూర్తులు గారు జీపు వేసుకుని వెళ్లారు. అప్పటిదాకా ఆయనకి పగడమంటే కుజదోషానికి ఉంగరంలో పెట్టుకునే ఎర్రరాయి అనే తెలుసు. తీరా చూస్తే ఇది వేలెడేసి కొమ్మలతో ఆకుపచ్చగా మెరుస్తోంది, కొమ్మల నిండా నువ్వుగింజలంత నోళ్లు తెరుచుకుని ఉంది. ఆయన కాసేపు ఆలోచించి పంచనామాలో ఇలా రాయించారు: "నాలుగు కొమ్మలు గల రాయి ఒకటి. రంగు ఆకుపచ్చ. సజీవమని ముద్దాయి చెప్పుచున్నాడు." తొట్టెనీ, నీళ్లు తిప్పే చిన్న మోటారునీ కూడా పట్టుకొచ్చారు. తొట్టె మీద వేలాడే దీపాన్ని మాత్రం వదిలేశారు. అది దుకాణం పైకప్పుకి బిగించి ఉంది, పైకప్పు మీద కేసు లేదు.

కామేశుకి బెయిలిస్తూ ప్రతి సోమవారం రేంజి ఆఫీసుకొచ్చి సంతకం పెట్టాలన్నారు. మొదటి సోమవారం వచ్చినప్పుడు అతను తన కేసు సంగతి అడగలేదు, పగడం ఎలా ఉందని అడిగాడు. బాగానే ఉంది, ఎక్కడికీ కదల్లేదు అన్నాడు గౌరీశంకరం. ఒక్కసారి చూపించమని బతిమాలితే గది తలుపు తీశాడు.

కామేశు తొట్టె ముందు గొంతుకూర్చుని గాజుకి మొహం ఆనించి చూశాడు. నోళ్లన్నీ మూసుకుపోయాయి. ఆకుపచ్చ కాస్తా బురదరంగుకి తిరిగింది.

"ఇది చచ్చిపోతోందండీ," అన్నాడు చివరికి.

గౌరీశంకరం లెక్క వేసుకున్నాడు. చచ్చిపోతే సొత్తు తగ్గినట్టు. తగ్గితే చెదపురుగుల ఆయన పక్కన తనకీ ఒక కుర్చీ. ఏం చెయ్యాలో చెప్పమన్నాడు. కామేశు చెప్పాడు. ఇది రాయీ కాదు, మొక్కా కాదు, జంతువు. దీని ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు వెలుతురుతో వంట చేస్తే ఇది తింటుంది. వెలుతురు లేకపోతే పొయ్యి వెలగదు, పొయ్యి వెలక్కపోతే దీనికి పస్తే. అదీ మామూలు వెలుతురు చాలదు. సముద్రం లోపలికి నీలం ఎక్కువగా దిగుతుంది కాబట్టి దీనికీ నీలమే ఎక్కువ కావాలి. తన దీపం తెచ్చి పెడదామంటే ప్లీడరు వద్దన్నాడట, ముద్దాయి వస్తువు సొత్తు దగ్గరికి చేరితే సాక్ష్యం తారుమారు చేసినట్టవుతుందని.

గౌరీశంకరం ఆ రోజే నీలిదీపం ఒకటి మంజూరు చెయ్యమని రాసి పైకి పంపాడు. డివిజనల్ ఆఫీసరు పరాంకుశం గారి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. పరాంకుశం గారు మాట్లాడేటప్పుడు మామూలుగానే మాట్లాడేవారు గాని, కలం పట్టుకుంటే ఆయన మీదికి వేరే ఎవరో వచ్చేవారు. "ప్రాపర్టీ గదికి మంజూరైన దీపము ఒకటి. దాని రంగు తెలుపు. నీలిరంగు దీపము కోరుట విలాసము కిందికి వచ్చును. మరియు సొత్తుకు వెలుతురు అవసరమనుటకు పూర్వ దాఖలాలు లేవు. టేకు దుంగలు ఎన్నడును కోరియుండలేదు. అయినను సొత్తుకు హాని కలిగినచో బాధ్యత తమరిదే యని తెలియజేయడమైనది."

ఇక చేసేదేముంది? దీపం తనే తయారు చేసుకోవాలనుకున్నాడు గౌరీశంకరం. ఇంట్లో ఫ్యూజు పోతే వీధి చివరి ఎలక్ట్రీషియన్ని పిలిచే మనిషి అతను. ముందు పెళ్లిపందిళ్లకి కట్టే నీలిరంగు సీరియల్ సెట్టు కొని తొట్టె చుట్టూ తిప్పాడు. సొత్తు పెళ్లికూతురిలా కళకళ్లాడింది గాని ఒక్క నోరు తెరవలేదు. పై సోమవారం కామేశు అది చూసి, పాపం నవ్వలేదు. కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు.

గౌరీశంకరం సెలవు పెట్టి విశాఖపట్నం వెళ్లాడు. అక్కడ బియ్యపుగింజంత ఎల్‌ఈడీలు నక్షత్రాల్లాంటి అల్యూమినియం బిళ్ళల మీద అతికించి అమ్ముతారు. ముదురు నీలానివి కొన్ని, తెల్లవి కొన్ని కొన్నాడు. వాటికి కొలతగా కరెంటు పంపే డ్రైవరు ఒకటి, వెలుతురు పెంచి తగ్గించే మీట ఒకటి కొన్నాడు. పాత సామాన్ల కొట్లో ఎవరిదో పాడైన ఆంప్లిఫయరు నుంచి ఊడదీసిన అల్యూమినియం పలక దొరికింది, దువ్వెన పళ్లలాంటి రెక్కలున్నది. వేడి లాగడానికి అదే. ఇంటికొచ్చి వంటింటి బల్లమీద పరుచుకు కూర్చున్నాడు. బిళ్లకీ పలకకీ మధ్య తెల్లటి పేస్టు రాయాలని కామేశు చెప్పాడు. కొనడం మర్చిపోయాడు. చూడ్డానికి పళ్లపేస్టులాగే ఉంటుందన్నాడు కదా అని పళ్లపేస్టే రాశాడు. కాసేపు దేదీప్యమానంగా వెలిగింది. పేస్టు ఎండాక ఎల్‌ఈడీలు ఒక్కొక్కటే పుటుక్కున ఆరిపోయాయి. ఇల్లంతా లవంగాల వాసన.

అతని భార్య భూలక్ష్మి పోపుడబ్బా కోసం వచ్చి బల్ల ఖాళీ లేక నిలబడింది. వంటింట్లో ట్యూబులైటు వేయించమని ఎప్పట్నుంచో అడుగుతున్నాననీ, ఆఫీసు రాయికి మాత్రం ఆగమేఘాల మీద దీపం తయారవుతోందనీ అంది. ఆ మాట అంటూనే టంకం వేసేటప్పుడు చెయ్యి వణక్కుండా తీగ పట్టుకుంది.

రెండోసారి అసలు పేస్టే తెచ్చాడు. వేళ్లు కాల్చుకున్నాడు. ఒక తీగ తలకిందులుగా కలిపి మళ్లీ ఊడదీశాడు. మొత్తానికి దీపం తయారయింది. దాన్ని ప్రాపర్టీ గదిలో టేకు దుంగ మీంచి తాళ్లతో వేలాడదీసి, కామేశు చెప్పినట్టు మొదట మసకగా పెట్టి, మెల్లమెల్లగా పెంచుకుంటూ వచ్చాడు. ఒకనాటి పొద్దున్న తలుపు తీసేసరికి నోళ్లన్నీ తెరుచుకుని ఉన్నాయి. నీలి వెలుతురులో కొమ్మలు లేత ఆకుపచ్చగా, చివర్లు కొంచెం ఊదాగా మెరుస్తున్నాయి. గౌరీశంకరం మోపెడ్డు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. దుంగల్ని తట్టడం మర్చిపోయాడు. ఇన్నేళ్ల సర్వీసులో తన చేతుల్లో వస్తువు పాడవకుండా ఉండడం చూశాడు గాని బాగుపడడం చూడలేదు.

అప్పట్నుంచి అతను పెందరాళే ఆఫీసుకొచ్చేవాడు. సెలవురోజుల్లో డబ్బాలతో సముద్రపు నీళ్లు మోసుకొచ్చేవాడు. సోమవారాలు కామేశు వచ్చి సంతకం పెట్టి, తొట్టె చూసి, సలహా చెప్పి వెళ్లేవాడు. ముద్దాయీ కాపలాదారూ కలిసి టీ తాగేవారు. కేసు మాత్రం వాయిదాలు పడుతూ ఉంది.

ఏడాది తిరిగాక పరాంకుశం గారు సొత్తు తనిఖీకి వచ్చారు. దుంగలు సరిపోయాయి. గొడ్డళ్లు సరిపోయాయి. తొట్టె దగ్గరికి వచ్చి పంచనామా చదివించుకుని కొమ్మలు లెక్కపెట్టారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టారు. ఏడున్నాయి.

"ఏమయ్యా, మూడు ఎక్కువొచ్చాయేం?" అన్నారు.

పెరిగాయండీ అన్నాడు గౌరీశంకరం, కొంచెం గర్వంగానే.

ఆ గర్వం ఎక్కువసేపు నిలవలేదు. సొత్తు తగ్గితే ఏం చెయ్యాలో నిబంధనల్లో ఉంది. పెరిగితే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. లేనిది నేరం కాకుండా ఎలా ఉంటుందన్నది పరాంకుశం గారి వాదన. ఆయన అక్కడే కుర్చీ వేయించుకుని ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చారు. నాలుగు కొమ్మలు కామేశు దగ్గర పట్టుకున్నవి. మిగిలిన మూడూ కామేశువి కావు. అవి పుట్టింది ప్రాపర్టీ గదిలో. పుట్టినప్పట్నుంచీ గౌరీశంకరం దగ్గరున్నాయి. అతనికి అనుమతిపత్రం ఉందా? లేదు. కనుక, "రక్షిత జీవి యొక్క మూడు కొమ్మలను అనధికారముగా కలిగియున్నందుకును, వాని పెరుగుదలకు ప్రేరేపించినందుకును" గౌరీశంకరం మీద కేసు నమోదయింది. దీపం నేరానికి వాడిన ఉపకరణం. దానికి గుడ్డ చుట్టి లక్కముద్ర వేశారు.

మూడు కొమ్మల్నీ విరిచి రెండో తొట్టెలో పెట్టారు. బెయిలొచ్చింది, సోమవారం సోమవారం సంతకం షరతు మీద. గౌరీశంకరం కామేశు వెనకాల వరసలో నిలబడి, తన బల్లమీది రిజిస్టరులో తనే సంతకం పెట్టుకునేవాడు. కామేశు ఏదో ఓదార్పు చెప్పబోయేవాడు. గౌరీశంకరం ఆ మాట పూర్తి కానిచ్చేవాడు కాదు. దీపం లేదు, నోళ్లు మూసుకుంటున్నాయి, ఏం చేద్దామనేవాడు.

సొత్తుని కాపాడడానికి మాత్రమే ఆ దీపం వాడుకోనివ్వమని దరఖాస్తు పెట్టుకున్నాడు. పరాంకుశం గారు దయగా ఒప్పుకున్నారు, గుడ్డగాని ముద్రగాని తొలగించకూడదన్న షరతుతో. గుడ్డ చుట్టిన దీపాన్ని వేలాడదీసి మీట నొక్కారు. గుడ్డలోంచి దొంగచాటుగా కొంచెం నీలం కారింది. కాసేపటికి లక్క కరిగి బొట్లు బొట్లుగా నేలమీద పడింది. ముద్ర కరిగినందుకు సంజాయిషీ కోరారు. చివరికి గుడ్డ తీసి, ముద్ర మాత్రం తీగకి వేసి ఊరుకున్నారు.

గుడ్డ తీస్తే మళ్లీ పెరుగుతుంది కదా! దానికీ పరాంకుశం గారు ఉపాయం ఆలోచించారు. "సొత్తు పెరుగుటకు ఎంత కాంతి అవసరమో అంత కాంతియు, తరుగుటకు ఎంత చీకటి అవసరమో అంత చీకటియు సమపాళ్లలో ఇచ్చి, నెలాఖరుకు కొమ్మల సంఖ్య యథాతథముగా ఉండునట్లు చూడవలెను." గౌరీశంకరం ఆ ఉత్తర్వు పట్టుకుని తొట్టె ముందు చాలాసేపు కూర్చున్నాడు. నెలలో సగం రోజులు దాన్ని చంపాలి, సగం రోజులు బతికించాలి. మీట మీద చెయ్యి వేశాడు, ఆర్పలేకపోయాడు. సర్వీసులో మొదటిసారి ఒక ఉత్తర్వుని అమలు చెయ్యలేదు. అమలు చేశానని మాత్రం రాశాడు.

పైగా తన మీదున్న కేసు సొత్తుకి తనే కాపలా ఉండకూడదని ఎవరికో ఆలస్యంగా తట్టింది. రెండో తొట్టె త్రిమూర్తులు గారి అధీనంలోకి మారింది. కొద్ది నెలలకి అందులో ఇంకో రెండు కొమ్మలు పుట్టాయి. న్యాయం అందరికీ ఒకటే కదా, త్రిమూర్తులు గారి మీద కేసు నమోదయింది. ఆ రెండు కొమ్మలకీ మూడో తొట్టె వచ్చింది, అందులోనూ కొమ్మ పుట్టేసరికి దాన్ని పుచ్చుకున్న ఫారెస్టు గార్డు మీద మరో కేసు, ఆ కొమ్మకి నాలుగో తొట్టె. ఆ నాలుగో తొట్టెని పుచ్చుకునేది లేదని అందరూ మొండికేశారు. ఎవరూ పుచ్చుకోకపోతే సొత్తు డివిజనల్ ఆఫీసరు అధీనంలో ఉన్నట్టే భావించాలని పరాంకుశం గారే ఎప్పుడో ఉత్తర్వు ఇచ్చి ఉన్నారు. అక్కడా ఒక కొమ్మ పుట్టింది. ఆయన నిబంధనకి కట్టుబడ్డ మనిషి. తన మీద తనే కేసు రాసుకుని, తనకి తను నోటీసిచ్చుకుని, అందినట్టు సంతకం పెట్టారు. సోమవారం పొద్దున్న రేంజి ఆఫీసు ముందు జీపులు బారులు తీరేవి. వరసలో మాత్రం హోదా చూసేవారు కాదు, కేసు నంబరు ప్రకారం కామేశే అందరికన్నా ముందు నిలబడేవాడు. పరాంకుశం గారు ఆఖర్న గొడుగు వేసుకుని నిలబడేవారు.

ఇంతలో రాజధానిలో లెక్కలు తీశారు. రాష్ట్రం మొత్తమ్మీద వన్యప్రాణి కేసుల నమోదులో చింతలరేవు మొదటి స్థానంలో ఉంది. ఇంత చిన్న ఊళ్లో ఇంత నిఘా ఎలా సాధ్యమైందో చూడాలని పెద్ద ఆఫీసరు ఒకాయన స్వయంగా బయల్దేరి వచ్చారు. ప్రాపర్టీ గది తలుపు తీసేసరికి ఆయన గుమ్మంలోనే నిలబడిపోయారు. చీకట్లో నాలుగు తొట్టెలు నీలంగా వెలుగుతున్నాయి. ఒక్క దీపం అన్నిటికీ చాలక గౌరీశంకరం అలాంటివే ఇంకొన్ని తయారు చేశాడు, వాటికీ ముద్రలున్నాయి. పెద్ద ఆఫీసరు ఫోటో తీయించుకున్నారు. "ఇది గది కాదయ్యా, ఇది ఒక దృక్పథం," అన్నారు. అక్కడికక్కడే దానికి పగడాల సంరక్షణ కేంద్రమని పేరు పెట్టారు.

కేంద్రమన్నాక తాళ్లతో వేలాడే దీపాలేమిటని పరాంకుశం గారికి సిగ్గేసింది. టెండరు పిలిచారు. ఫోటోలు బాగా రావాలి కాబట్టి తెల్లదనం ఎక్కువుండాలని షరతు పెట్టారు. అందరికన్నా తక్కువకి వచ్చిన కాంట్రాక్టరు క్రికెట్ మైదానాలకి వేసే దీపాలు తెచ్చి బిగించాడు. ఇంత వెలుతురూ వేడీ ఒక్కసారిగా పడితే అవి తట్టుకోలేవని గౌరీశంకరం నోటుపెట్టాడు. లోగడ వెలుతురు చాలదని రాసినదీ తమరే, ఇప్పుడు ఎక్కువని రాసినదీ తమరే కాబట్టి ఏదో ఒక అభిప్రాయమునకు రావలసిందని జవాబొచ్చింది.

రిబ్బను కత్తిరించాక దీపాలు వేశారు. మేకచర్మం మీది ప్రతి వెంట్రుకా కనపడింది. రెండు రోజులకి కొమ్మలు పాలిపోవడం మొదలెట్టాయి. మూడోనాడు సాయంత్రం ఆఫీసు ఖాళీ అయ్యాక గౌరీశంకరం గదిలోకి వెళ్లాడు. మొదటి తొట్టెలో గాజు మూలకి, నీడపట్టున, చిటికెనవేలి గోరంత మేర ఇంకా ఆకుపచ్చగా ఉంది. భయస్తుడని ముందే చెప్పుకున్నాం కదా, తలుపు గడియ రెండుసార్లు చూసుకున్నాడు. అప్పుడు ఆ ముక్క విరిచాడు. మధ్యాహ్నం అన్నం తెచ్చుకున్న క్యారేజీలో అడుగు గిన్నె కడిగి, తొట్టెలో నీళ్లే ముంచి, అందులో దాన్ని వేసి మూత బిగించాడు. బస్సులో క్యారేజీని ఒళ్లో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకున్నాడు.

కేంద్రంలో కొమ్మలన్నీ వారం తిరిగేసరికి మల్లెపువ్వుల్లా తెల్లబడ్డాయి. చూసినవాళ్లు ఎంత శుభ్రంగా ఉన్నాయో అనుకున్నారు. పరాంకుశం గారు తనిఖీ చేశారు. ఆ నెలా, పై నెలా, ఆ పై నెలా లెక్కపెట్టారు. ఒక్క కొమ్మ పెరగలేదు, ఒక్క కొమ్మ తరగలేదు. సొత్తు ఇన్నాళ్లకి క్రమశిక్షణకి వచ్చిందని ఆయన సంతోషించారు. నిపుణుల్ని పిలిపించి చూపిస్తే, ఇందులో ప్రాణమన్నది లేదు, ఇది రాయి అని రాసిచ్చారు. రాయి రక్షిత జీవి కాదు కాబట్టి ఒక్కో కేసూ మూతపడింది. త్రిమూర్తులు గారు లడ్డూలు పంచారు. కామేశు లడ్డూ తీసుకుని తినలేదు. తొట్టె ముందు కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. గౌరీశంకరం వెనకాలే వెళ్లి గేటు దగ్గర అతని చెవిలో ఒక మాట చెప్పాడు. కామేశు ఆ మాట విని గేటు పట్టుకుని నిలబడిపోయాడు.

ఆ సాయంత్రం గౌరీశంకరం ఇంట్లో, బియ్యం డ్రమ్ము పక్కన బల్లమీద, గాజుసీసాలాంటి చిన్న తొట్టె వెలుగుతోంది. మిగిలిపోయిన ఎల్‌ఈడీలతో అరచేతంత దీపం కట్టాడు. ఈసారి టంకం భూలక్ష్మే వేసింది. గోరంత ముక్క రెండు చిగుళ్లు వేసి, నోళ్లు తెరుచుకుని నీళ్ల వాలుకి ఊగుతోంది.

భూలక్ష్మి కాసేపు చూసింది.

"ఇదిలా ఇంట్లో ఉంచుకుంటే నేరం కాదూ?" అని అడిగింది.

"ఇప్పుడు నేరమే," అన్నాడు గౌరీశంకరం. "కేసు పెట్టినప్పుడు కాదు."

ఆవిడ లేచి వెళ్లి కిటికీకి తెర వేసి, మళ్లీ వచ్చి పక్కన కూర్చుంది.